హోమ్ పేజీలో వ్యాసం మొత్తం ఉండాలా, 55 పదాలు చాలా? థీమ్ కోడ్ ఖరారు చేసే ముందు మీ మాట చెప్పండి

బరంపురం_పట్టు
అందరికీ నమస్కారం. ఒడిశా తెలుగువాళ్లం పెట్టుకున్న మన సంఘం సైటు హోమ్ పేజీ తెరిస్తే మొన్నటి దాకా 10 వ్యాసాలు మొదటి నుంచి చివరి దాకా, ఫొటోలతో సహా, ఒకదాని కింద ఒకటి వచ్చేవి. గజపతి జిల్లా కొండ ఊళ్లలో, మోహన వైపు, ఆ పేజీ ఫోన్‌లో తెరుచుకోవడమే గగనం. అందుకని టెంప్లేట్‌లో (పేజీలో ఏది ఎలా కనిపించాలో చెప్పే ఫైలు) వ్యాసం మొత్తం చూపించే 'ది_కంటెంట్' అని ఉన్న చోట, మొదటి ముక్క మాత్రమే చూపించే 'ది_ఎక్సెర్ప్ట్' పెట్టాను. ఇప్పుడు ఒక్కో వ్యాసంలో మొదటి 55 పదాలే కనిపిస్తాయి. 55 నేను పెట్టిన అంకె కాదు, ఏమీ చెప్పకపోతే మన సైటును నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ తీసుకునేది అంతే. కింద "ఇంకా చదవండి" లింకు మాత్రం నేను కలిపాను.

అప్పటి నుంచి ఫోన్లు వస్తున్నాయి. కొందరు పాతదే బాగుందంటున్నారు, కొందరు 55 చాలదంటున్నారు. ఇక్కడే తేల్చుకుందాం.

ఛత్రపురం_పాఠకురాలు
నాకు ఇప్పుడే బాగుంది. పేజీ వెంటనే వస్తోంది.

జయపురం_కోడు
ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. మార్చింది సైటు రూపాన్ని నిర్ణయించే అసలు థీమ్ ఫైల్లోనా, దాని పక్కన మన మార్పులు విడిగా పెట్టుకునే చైల్డ్ థీమ్‌లోనా? అసలు థీమ్‌లో అయితే దానికి అప్‌డేట్ వచ్చిన రోజున నీ మార్పులన్నీ పోతాయి. చైల్డ్ థీమ్ పెద్ద పనేం కాదు. వేరే ఫోల్డర్, అందులో రంగులు, వరుసల కొలతలు రాసే ఒక స్టైల్.సీఎస్ఎస్, దాని పైభాగంలో 'టెంప్లేట్' అన్న చోట అసలు థీమ్ ఫోల్డర్ పేరు, పక్కన మన కోడ్ రాసుకునే ఒక ఫంక్షన్స్.పీహెచ్‌పీ. మార్చాలనుకున్న టెంప్లేట్ ఫైలు కాపీ చేసి అందులో పెట్టుకుంటే వర్డ్‌ప్రెస్ ముందు దాన్నే చూస్తుంది.

నేను ఒక బట్టల కొట్టు సైటు పని చేసినప్పుడు నాకంటే ముందు చేసినతను అసలు థీమ్‌లోనే రాసి వెళ్లిపోయాడు. అప్‌డేట్ నొక్కింది నేను, మాట పడిందీ నేనే. డబ్బులు కూడా ఇవ్వలేదు. అందుకే ఈ మాట ఎక్కడికి వెళ్లినా చెబుతాను.

పర్లాకిమిడి_మాస్టారు
వ్యాసం మొత్తం ఉండాలనేదే నా అభిప్రాయం. ఒడిశాలో ఉంటూ తెలుగులో రాసేవాళ్లం ఎంతమందిమి? రాసిన నాలుగు ముక్కలూ ఎదురుగా కనిపించకపోతే ఇంకెందుకు? మా వయసు వాళ్లు చాలామంది "ఇంకా చదవండి" నొక్కరు. వ్యాసం అక్కడితో అయిపోయిందనుకుంటారు.

ఇంకో సంగతి. గిడుగు రామమూర్తి గారి మీద నా వ్యాసం ఆయన పుట్టిన ఊరితో మొదలవుతుంది. 1863లో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆ "శ్రీముఖలింగం" అన్న మాటను "శ్" దగ్గర కోసేసి చుక్కలు పెట్టారు. పొల్లు శకారంతో వాక్యం ఆగుతుందా? తెలుగు కోసం పెట్టుకున్న సైటులోనే ఇలా జరిగితే ఎలా?

బరంపురం_పట్టు
మాస్టారూ, 'ది_ఎక్సెర్ప్ట్' మాట మధ్యలో కోయదు. ఖాళీలను బట్టి పదాలు లెక్కపెట్టి, పదం పూర్తయ్యాకే ఆగుతుంది. మీరు చూసింది వేరే ఎక్కడో అయి ఉండాలి.

పర్లాకిమిడి_మాస్టారు
నేను చూసింది మన సైటులోనే. ఫొటో తీసి పెట్టాను, చూడు.

జయపురం_కోడు
ఫొటో చూశాను. అది హోమ్ పేజీ ఎక్సెర్ప్ట్ కాదు, పక్కన "సంబంధిత వ్యాసాలు" అని వచ్చే డబ్బా. అక్కడ థీమ్ రాసినవాళ్లు పదాలు కాదు, అక్షరాలు లెక్కపెట్టి కోస్తున్నారు. 'ఎంబీ_సబ్‌స్టర్' వాడారు. దాని లెక్కలో "శ్రీ" ఒక అక్షరం కాదు, నాలుగు: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. రెండు దగ్గర కోత పడితే మిగిలేది "శ్" మాత్రమే. ఒట్టి 'సబ్‌స్టర్' అయితే ఇంకా ఘోరంగా ఉండేది. అది బైట్లు లెక్కపెడుతుంది, అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ నాలుగింటిలో ఒక్కోటీ 3 బైట్లు. మధ్యలో తెగితే "శ్" కూడా మిగలదు, ప్రశ్న గుర్తు ఉన్న గడి కనిపిస్తుంది.

దీనికి మందు: ఆ డబ్బాలో కూడా 'డబ్ల్యూపీ_ట్రిమ్_వర్డ్స్' వాడటం. 12 పదాలు అంటే 12 పదాలే వస్తాయి, ఏ పదం మధ్యలోనూ తెగదు. చేసేది మాత్రం చైల్డ్ థీమ్‌లోనే.

రాయగడ_ప్రయాణికుడు
కోడ్ దాకా ఎందుకు? మా ఆఫీసు సైటులో ఎడిటర్‌లోనే స్లైడర్ ఉంది. అటూ ఇటూ జరిపితే పదాలు పెరుగుతాయి, తగ్గుతాయి.

జయపురం_కోడు
మీది బ్లాక్ థీమ్ అయి ఉంటుంది, అంటే పేజీలో ఒక్కో ముక్కను (బ్లాక్‌ను) ఎడిటర్‌లోనే మార్చుకోగలిగేది. అవి 2022 జనవరిలో వర్డ్‌ప్రెస్ 5.9 వెర్షన్‌తో వచ్చాయి. మన సైటుది పాత పద్ధతి థీమ్. ఇక్కడ పదాల సంఖ్య మార్చే 'ఎక్సెర్ప్ట్_లెంగ్త్' అనే ఫిల్టర్ ఫంక్షన్స్.పీహెచ్‌పీలో రాయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. బ్లాక్ థీమ్‌లో ఫిల్టర్‌తో 80 అని పెట్టి, బ్లాక్‌లో 55 వదిలేస్తే 55 పదాలే వస్తాయి. ఫిల్టర్ పనిచేయడం లేదని జనం నన్ను అడిగేది చాలావరకు ఇదే.

ఛత్రపురం_పాఠకురాలు
నాదీ ఒక మాట. ఫోన్‌లో ఎక్సెర్ప్ట్ చివరి వరుసలో ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి. "అమ్మ" అని ఉంటే కింది మకారం ఒత్తు కనిపించడం లేదు.

బరంపురం_పట్టు
అది సీఎస్ఎస్‌లోది. మూడు వరుసలకే ఆపాలని లైన్ క్లాంప్ పెట్టాను, పొంగిపోయింది దాచేయమని చెప్పాను. వరుస ఎత్తేమో థీమ్‌లో ఉన్న 1.3. ఇంగ్లీషుకు సరిపోతుంది, తెలుగు ఒత్తులకు చాలదు. 1.7 చేస్తాను.

గుణుపురం_పద్యం
నా సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను పంపేవి పద్యాలు. నాలుగు పాదాల పద్యం హోమ్ పేజీలో వచనంలా ఒకే పేరాగా వస్తోంది. పాదం ఎక్కడ ముగిసిందో తెలియదు, యతి ఎక్కడో తెలియదు. పద్యం అంటే ఏమిటో తెలియని పిల్లలు చూస్తే అదేదో అర్థం కాని వాక్యం అనుకుంటారు. వ్యాసాన్ని ఎక్కడ కోసినా వ్యాసమే. పద్యానికి ఆ వెసులుబాటు లేదు.

బరంపురం_పట్టు
మీరన్నది నిజమే. తనంతట తాను ఎక్సెర్ప్ట్ తయారు చేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ ట్యాగులన్నీ తీసేస్తుంది, వరుస విరుపులతో సహా. రెండు దారులున్నాయి. పద్యాల వర్గానికి చెందిన పోస్టు అయితే 'ది_కంటెంట్' చూపించు, కాకపోతే ఎక్సెర్ప్ట్ చూపించు అని టెంప్లేట్‌లో ఒక షరతు రాయడం ఒకటి.

రెండోది, ఎడిటర్‌లో కుడివైపు ఎక్సెర్ప్ట్ పెట్టె ఉంటుంది. అందులో మనమే చేత్తో రాస్తే 55 పరిమితి దానికి వర్తించదు, వరుస విరుపులు కూడా నిలుస్తాయి. నాకు రెండోదే మంచిదనిపిస్తోంది. ఎలాగూ సంపాదకులు ఈ మధ్య వ్యాసాలకు ఆ పెట్టె నింపుతున్నారు.

పర్లాకిమిడి_మాస్టారు
పెట్టెలూ షరతులూ ఎందుకు బాబూ? ఉన్నది ఉన్నట్టు మొత్తం పెట్టేస్తే పోయేదానికి.

బరంపురం_పట్టు
మాస్టారూ, మొత్తం పెడితే ఎంత బరువో మొదట్లోనే రాశాను. మీకు పర్లాకిమిడిలో సిగ్నల్ ఉంది, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంది. ఆర్.ఉదయగిరి నుంచి చదివేవాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. పగలు షాపు చూసుకుని రాత్రిళ్లు ఈ పని చేస్తున్నాను. పైసా తీసుకోవడం లేదు. బాగుందన్నవాళ్లు ఒక్కరు, బాగోలేదని ఫోన్ చేసేవాళ్లు పదిమంది. ప్రతివారికీ తమ రాత ఒక్కటే పైనుంచి కింద దాకా కనబడాలి.

పర్లాకిమిడి_మాస్టారు
నా రాత కనబడాలన్న యావ నాకు లేదు. ఇక దాచకుండా చెబుతాను. నువ్వు ఆ పెట్టె మంచిదన్నావు కదా, నాకు మంట ఆ పెట్టె మీదే.

నా గిడుగు వ్యాసం ఎక్కువ భాగం ఇక్కడి గిరిజనులైన సవరల భాష గురించి. ఆయన ఇక్కడి రాజా వారి బడిలో పాఠాలు చెబుతూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకోవడం, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాయడం, 1931లో సవర వ్యాకరణం అచ్చు కావడం. చివర్లో, 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లారని రెండు వాక్యాలు రాశాను. అంతే.

నాకు చెప్పకుండా ఆ పెట్టెలో ఏం రాశారో చూడండి: "ఒడిశాలో తెలుగుకు చోటు లేదని గిడుగు ఆనాడే గ్రహించారు." ఆ వాక్యం నాది కాదు. వ్యాసంలో ఎక్కడా లేదు. హోమ్ పేజీలో నా పేరు కింద ఉంది. వాట్సాప్‌లో లింకు పంపితే బొమ్మ కింద అదే వస్తోంది. నాతో పాటు బడిలో పనిచేసిన ఒడియా మాస్టారు మా వీధిలోనే ఉంటారు. తెలుగు చదవడం ఆయనకు వచ్చు. వాట్సాప్‌లో చూసి నన్ను ఏమీ అడగలేదు, కానీ సాయంత్రం నడకకు పిలవడం మానేశారు. వ్యాసం మొత్తం ఎదురుగా ఉంటే ఆయన చదివేవారు. అందుకే మొత్తం పెట్టమంటున్నాను.

ఛత్రపురం_పాఠకురాలు
ఇది నాకు తెలియదు మాస్టారూ. చాలా బాధగా ఉంది. నేనూ ఆ లింకు మా వాళ్లకు పంపాను, ఆ వాక్యం మీదే అనుకున్నాను.

సంపాదకుడు_గంజాం
నా పేరు ఎత్తకుండా నన్నే అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ వాక్యం నేను రాసిందే. ఎందుకు రాయవలసి వచ్చిందో కూడా వినండి. మనకు వచ్చే వ్యాసాల్లో చాలావాటి మొదటి 55 పదాలు ప్రార్థన, సభకు నమస్కారం, పెద్దలకు కృతజ్ఞతలు. ఎక్సెర్ప్ట్ పెట్టె ఖాళీగా వదిలితే హోమ్ పేజీలో పది వ్యాసాలూ ఒకేలా "సాహితీ మిత్రులకు వందనాలు" అని మొదలవుతాయి. ఎవరు తెరుస్తారు? రచయితలను పరిచయం రాసివ్వమని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వరు. ఆ పెట్టె నేను నింపడం మొదలుపెట్టాకే కుర్రాళ్లు చదువుతున్నారు. 1936 సంగతి ఈ ప్రాంతంలో ప్రతి తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే. అందులో తప్పేముంది?

పర్లాకిమిడి_మాస్టారు
మీకు తప్పు కనిపించకపోతే మీ పేరుతో వేరే వ్యాసం రాసుకోండి. నా పేరు కింద మీ అభిప్రాయం ఎందుకు?

గుణుపురం_పద్యం
నా శతకానికి కూడా "భక్తి పద్యాలు" అని రాశారు. అవి భక్తి పద్యాలు కావు. అప్పుడు మొహమాటపడి ఊరుకున్నాను.

జయపురం_కోడు
ఇక్కడి నుంచి కోడ్ సంగతి చెబుతాను, మిగతాది మీరు తేల్చుకోండి. 'హ్యాజ్_ఎక్సెర్ప్ట్' అని ఒకటుంది. పెట్టెలో చేత్తో రాసింది ఉందా లేదా అని అడుగుతుంది. ఉంటే అది చూపించి, లేకపోతే శీర్షిక, రచయిత పేరు, ఫొటో మాత్రమే చూపించేలా చైల్డ్ థీమ్ టెంప్లేట్‌లో రాయొచ్చు. అప్పుడు వందనాల గొడవ ఉండదు, ఒకరి మాట మరొకరి పేరు కింద పడే గొడవా ఉండదు. సైటులో రచయితలకు 'కంట్రిబ్యూటర్' లాగిన్ ఇస్తే వాళ్లే ఆ పెట్టె నింపి సమీక్షకు పంపుతారు. ప్రచురించే అధికారం సంపాదకుల దగ్గరే ఉంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. వాట్సాప్‌లో వచ్చే వివరణ మన ఎస్ఈఓ ప్లగిన్ (సెర్చ్‌లకు, లింకులకు వివరణ ఇచ్చే అదనపు సాఫ్ట్‌వేర్) ఆ పెట్టెలోంచే తీసుకుంటోంది. ఇప్పుడు మార్చినా, ఇప్పటికే పంపిన మెసేజ్‌ల కింద పాత వాక్యం అలాగే ఉంటుంది. అది ఇక మన చేతిలో లేదు.

సంపాదకుడు_గంజాం
లాగిన్లు అంటున్నారు. మాస్టారు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతారు. టైపు చేసేది నేను. టైపు చేసేవాడికి రెండు వాక్యాల పరిచయం రాసే హక్కు కూడా లేదంటే నేను ఒప్పుకోను.

పర్లాకిమిడి_మాస్టారు
టైపు చేస్తున్నందుకు మీకు రుణపడి ఉన్నాను, అది వేరే సంగతి. పరిచయం రాయండి, కింద "సంపాదకుడు" అని పెట్టండి. లేదా వేసే ముందు ఫోన్‌లో చదివి వినిపించండి. రెండూ వద్దంటే నా వ్యాసానికి శీర్షిక చాలు.

రాయగడ_ప్రయాణికుడు
"సంపాదకుడు" అని పెట్టడం బాగుంది. పత్రికల్లో అలాగే వేస్తారు.

బరంపురం_పట్టు
మాస్టారూ, ఇందాక మీ బ్రాడ్‌బ్యాండ్ సంగతి ఎత్తాను, దాన్ని మనసులో పెట్టుకోకండి. సంపాదకులు ఏమనుకున్నా సరే, మీ వ్యాసం పెట్టె ఈ రాత్రికే ఖాళీ చేస్తున్నాను. ఒడియా మాస్టారికి పంపడానికి వ్యాసం మొత్తం పీడీఎఫ్ చేసి మీ నంబరుకు పెడతాను. "సంబంధిత వ్యాసాలు" డబ్బా, వరుస ఎత్తు, పద్యాల షరతు రేపు చూస్తాను, చైల్డ్ థీమ్‌లోనే. హోమ్ పేజీ మాత్రం మొత్తం వ్యాసాలకు తిరిగి మార్చను.

సంపాదకుడు_గంజాం
నన్ను అడగకుండా ఖాళీ చేయడం కూడా అదే పని అవుతుంది కదా? ఆదివారం సమావేశంలో పెడతాను. అప్పటిదాకా కొత్త వ్యాసాలేవీ టైపు చేయను.

పర్లాకిమిడి_మాస్టారు
వస్తాను. నా చేతిరాత ప్రతి కూడా తెస్తాను.