పండగ సినిమాలో దత్తత బిడ్డ: రంగు ఊసెత్తాలా, వద్దా?

రీలుబండి (చర్చ మొదలుపెట్టినవారు)

నవంబరు దగ్గరపడితే అమెరికాలో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సినిమాలు వరసకడతాయి. తెల్ల దంపతులు నల్లజాతి పిల్లనో, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లాణ్నో, చైనా పాపనో పెంచుకునే కథలు వాటిలో కొత్తేం కాదు. నా మాట ఇది: అలాంటి సినిమాలో జాతి ఊసు తేకపోవడమే మేలు. ‘ది ఫ్యామిలీ స్టోన్’ (2005) చూడండి. థాడ్ తెల్లవాడు, వినికిడి లేదు. అతని జోడీ పాట్రిక్ నల్లజాతివాడు. ఇద్దరూ బిడ్డను దత్తత తీసుకోబోతున్నారు. భోజనాల దగ్గర థాడ్ అన్నతో వచ్చిన ప్రేయసి మెరెడిత్ నోరు జారి స్వలింగ ప్రేమ మీద అన్న మాటతో రభస ముదురుతుంది. మరుసటి క్రిస్మస్‌కి బిడ్డ వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. గంటన్నర సినిమాకి అది చాలు.

జడపాయ

ఉపన్యాసం వద్దంటే సరే. కానీ మీ ఉదాహరణే మీకు అడ్డం పడుతోంది రీలుబండి గారూ. పాట్రిక్ నల్లజాతివాడు కాబట్టి ఆ ఇంట్లో బిడ్డకు తనలా ఉండే మనిషి ఒకరున్నారు. ఇద్దరూ తెల్లవాళ్లే అయిన ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు?

జుట్టు దగ్గరే దొరికిపోతారు. బాగా ఉంగరాలు తిరిగిన జుట్టును పొడిగా ఉండగా దువ్వితే తెగిపోతుంది. తడిపి, కండిషనర్ దట్టంగా పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కింది కొసల నుంచి చిక్కు తీస్తూ పైకి పోవాలి. రాత్రి శాటిన్ టోపీ పెట్టాలి, నూలు దిండుగలీబు తడిని లాగేస్తుంది. ఇక పండగ సినిమాలో ఏడేళ్ల పిల్ల క్రిస్మస్ పొద్దున మంచం దిగేసరికి పాపిళ్లు గీత గీసినట్టు, జడలు చెక్కుచెదరకుండా, తల మీద టోపీ లేకుండా ఉంటుంది! ఆ జడలు వేసిందెవరు? అమ్మే అయితే ఎప్పుడు నేర్చుకుంది, ఎవరి దగ్గర? 2016లో మొదలైన ‘దిస్ ఈజ్ అస్’ సీరియల్లో ఈతకొలను దగ్గర నల్లజాతి పిల్లాణ్ని పెంచుకుంటున్న తెల్ల తల్లి రెబెకాతో ఒక నల్లజాతి తల్లి ఆ పిల్లాడి క్షవరం గురించి మాట్లాడే ఘట్టం ఉంది. రెబెకా ముందు నొచ్చుకుంటుంది. రంగు ఊసు వచ్చింది, ఉపన్యాసం రాలేదు.

రీలుబండి

సీరియల్‌కి బోలెడు గంటలుంటాయి. టీవీ క్రిస్మస్ సినిమా షూటింగ్ అంతా కలిపి సుమారు 15 రోజులు. పైగా బాలనటుల గంటలకు లెక్కుంది. కాలిఫోర్నియాలో 6 నుంచి 9 ఏళ్లలోపు పిల్లలు బడి ఉన్న రోజున సెట్లో 8 గంటలకు మించి ఉండకూడదు, అందులో నటన 4 గంటలే. రోజూ జడలకే రెండు గంటలు పోతే డైరెక్టర్ ఏం తీస్తాడు?

జడపాయ

రోజూ ఎందుకండీ? బాక్స్ బ్రెయిడ్స్ (చదరపు పాపిళ్లు తీసి అల్లే సన్న జడలు) ఒకసారి అల్లితే ఆరు వారాలు నిలుస్తాయి, మీ 15 రోజులూ గడిచిపోతాయి. రోజు మార్చి రోజు తీసిన షాట్లలో జుట్టు తేడా రాదు కాబట్టి కంటిన్యూటీ బెడదా తగ్గుతుంది. చేయి తిరిగిన మనిషిని షూటింగ్ ముందే పిలవాలి. పిలవకపోవడమే జబ్బు.

ఫైలునంబరు

జడల కన్నా పెద్ద అబద్ధం క్యాలెండర్. డిసెంబరు 24న జడ్జిగారు సుత్తి కొట్టి ‘ఇక ఈ పాప మీదే’ అంటారు, బయట మంచు కురుస్తుంది. ఫాస్టర్ కేర్ (పిల్లల్ని ప్రభుత్వం తాత్కాలికంగా వేరే ఇంట్లో ఉంచే ఏర్పాటు) నుంచి దత్తత అంటే ముందు హోమ్ స్టడీ, అంటే పెంచుకునేవాళ్ల ఇంటి పరిశీలన, కన్నవాళ్ల హక్కులు కోర్టు రద్దు చేయడం, బిడ్డ ఇంటికొచ్చాక సాధారణంగా ఆరు నెలల పర్యవేక్షణ (రాష్ట్రాన్ని బట్టి మారుతుంది), ఆ తర్వాతే తుది ఉత్తర్వు. నిజానికి రచయితలకు కోర్టే మంచి ముహూర్తం ఇచ్చింది. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం నేషనల్ అడాప్షన్ డే, ఆ రోజు చాలా కోర్టులు దత్తతలు ఖరారు చేస్తాయి. దాన్ని ఎవరూ వాడుకోరేం?

రంగు సంగతి. 1972లో నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం నల్ల పిల్లల్ని తెల్ల ఇళ్లకు ఇవ్వడాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1994 చట్టం, దానికి 1996లో వచ్చిన సవరణ ఎదురు దారి పట్టాయి. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థ జాతి కారణంగా దత్తతను ఆపకూడదు, ఆలస్యం చేయకూడదు. కాబట్టి సినిమాలో దత్తత సంస్థ తరఫున వచ్చిన కళ్లజోడు ఆవిడ ‘ఈ పిల్లకు నల్ల కుటుంబమే కావాలి’ అని అడ్డుపడితే అది ఆ చట్టం తెలియని స్క్రిప్టు. మూలవాసి తెగల పిల్లలు వేరు. 1978 నాటి చట్టం బంధువులకు, తెగకు, ఇతర మూలవాసి కుటుంబాలకు మొదటి వరస ఇస్తుంది. 2023లో సుప్రీంకోర్టు 7–2తో ఆ చట్టాన్ని నిలబెట్టింది.

ఒకటి గమనించండి. 1996 సవరణ చెప్పేది బిడ్డను ఎవరికివ్వాలన్న దాని గురించే. ఇంటికొచ్చాక ఎలా పెంచాలో చెప్పదు. రంగు ఊసే వద్దంటున్న రీలుబండి గారు మొదటిదానికి సరిపోయే మాటను రెండోదానికి అంటిస్తున్నారు.

ఎల్ఫ్‌టోపీ

అందరూ ‘ఎల్ఫ్’ (2003) మరిచిపోయారు. అనాథాశ్రమంలో పసివాడు శాంటా సంచిలోకి పాకి ఉత్తరధ్రువం చేరతాడు, అక్కడ శాంటాకు బొమ్మలు చేసే పొట్టి జీవుల్లో (ఎల్ఫ్‌లు) ఒకడైన పాపా ఎల్ఫ్ పెంచుతాడు. పెద్దయ్యాక ఆ పిల్లాడికి, అంటే బడ్డీకి, అక్కడి మంచం చాలదు, కుర్చీ చాలదు. తోటివాళ్ల పక్కన బొమ్మల లెక్కలో వెనకబడి ‘నాలోనే లోపముంది’ అనుకుంటాడు. తను మనిషినన్న సంగతి వేరేవాళ్లు మాట్లాడుకుంటుంటే చాటున వింటాడు. అందరికీ కనిపించే తేడాను ఎవరూ నోరు విప్పి చెప్పకపోతే ఏమవుతుందో దీనికన్నా బాగా ఏ క్రిస్మస్ సినిమా చూపింది?

జడపాయ

బాగానే చూపింది. కానీ తేడాను వేరే జాతి జీవిగా చూపితే అందరికీ నవ్వడం సులువు. నల్ల పిల్లాణ్ని చూసి అదే నవ్వు నవ్వగలరా? బడ్డీని న్యూయార్క్‌లో పోలీసు ఏ దుకాణంలోనూ దొంగ అనుకుని వెంబడించడు.

ఫైలునంబరు

నోరు విప్పడం సరే, ఎవరి నోరు? ‘ది బ్లైండ్ సైడ్’ (2009) థాంక్స్‌గివింగ్ సీజన్లోనే విడుదలైంది. నిజ జీవితం నుంచి తీసిన కథ: తెల్లవాళ్లైన టువీ కుటుంబం నల్లజాతి కుర్రాడు మైకేల్‌ను చేరదీస్తుంది. మైకేల్ ఒక్కడే భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే ఆ ఇంటి తల్లి లీ ఆన్ టీవీ కట్టేసి అందర్నీ అక్కడికి తెస్తుంది. జనం గుర్తుపెట్టుకున్న ఘట్టం అది. 2023 ఆగస్టులో మైకేల్ ఓహర్ టెనెసీ కోర్టుకెక్కాడు: తనకు 18 ఏళ్లప్పుడు జరిగింది దత్తత కాదు, కన్సర్వేటర్‌షిప్, అంటే తన తరఫున ఒప్పందాలు చేసే అధికారం వేరేవాళ్లకు ఇవ్వడం అని. డబ్బు విషయంలో తప్పు చేయలేదని టువీ కుటుంబం అంది. సెప్టెంబరులో జడ్జి ఆ ఏర్పాటు రద్దు చేశారు. ఎవరిది ఒప్పు అన్నది పక్కన పెట్టండి. సినిమా చూసి వచ్చినవాళ్లలో చాలామంది 14 ఏళ్లు దాన్ని దత్తత అనే అనుకున్నారు. ఆ బల్ల ఘట్టం పెంచినవాళ్ల మంచితనాన్ని చెబుతుంది, కాగితం మీద ఏముందో చెప్పదు.

తండాబాట

కాగితం అన్నారు కాబట్టి మన దగ్గరిది. 1999–2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణంలో లంబాడా తండాల ఆడశిశువుల్ని దళారులు కొని సంస్థలకు చేర్చారు. తల్లి బిడ్డను ఇష్టపూర్వకంగా వదులుకుందన్న పత్రాలు తయారయ్యాయి, వాటిలో కల్పితాలూ ఉన్నాయి. పిల్లలు వెళ్లిన దారుల్లో విదేశీ దత్తత ఒకటి. అలా వెళ్లినవాళ్లకు ఇప్పుడు పాతికేళ్లు. వాళ్ల ఇంట్లో క్రిస్మస్ చెట్టు కింద ‘నువ్వు మాకు దొరికిన బహుమతివి’ అన్న డైలాగ్ ఎలా వినపడుతుందో ఆలోచించండి. బహుమతికి ఇచ్చినవాళ్లుంటారు కదా. పండగ సినిమా వాళ్లను చంపేస్తుంది, లేకపోతే మత్తుమందు బానిసల్ని చేస్తుంది. నా దృష్టిలో రంగు ఊసు ఎత్తకపోవడం కన్నా కన్నతల్లి ఊసు ఎత్తకపోవడం పెద్ద తప్పు.

రీలుబండి

జడల సంగతి, ముహూర్తం సంగతి ఒప్పుకున్నా. ఇది మాత్రం ఒప్పుకోను. పిల్లలతో కూర్చుని చూసే సినిమాలో క్రిస్మస్ రోజున కన్నతల్లిని దించితే కథ ఆమెదైపోతుంది. ‘ఇన్‌స్టంట్ ఫ్యామిలీ’ (2018) ఆ ధైర్యం చేసింది నిజమే, లాటినో పిల్లల తల్లి తెర మీదికొస్తుంది. కానీ అది థియేటర్ సినిమా, దానికి రెండు గంటలున్నాయి.

ఫైలునంబరు

తెర మీదికి రానక్కర్లేదు. ఓపెన్ అడాప్షన్‌లో (కన్నవాళ్లతో సంబంధం తెగిపోని దత్తతలో) ఏడాదికోసారి ఉత్తరం, ఫొటోలు పంపుకోవడం మామూలే. ఆ ఒప్పందాన్ని కోర్టు అమలు చేయిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పిల్ల ఫొటో వెనక ఏం రాయాలో పెంచిన తల్లికి తోచదు, పిల్ల తనే రాస్తుంది. ఒక పేజీ ఘట్టం, అంటే తెర మీద నిమిషం.

తండాబాట

అది చివరి పది నిమిషాల్లో వద్దు. ప్రకటనల విరామాల కోసం ఈ సినిమాలను ముక్కలుగా కోసి రాస్తారు కదా, రెండో ముక్కలోనే పెట్టమనండి. చివర్లో పెడితే కన్నీళ్లకు వాడేస్తారు.