కొత్తగా హెవీ లైసెన్సు వచ్చింది: పెద్ద కంపెనీలో చేరాలా, పాత డ్రైవరు పక్కన ఎక్కాలా?

గుణుపురం_కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది గుణుపురం, వయసు 22. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండాక హెవీకి పెట్టుకున్నాను, పోయిన నెల కార్డు చేతికొచ్చింది. లోడు బండి ఇంతవరకు పది కిలోమీటర్లకు మించి తోలలేదు. విశాఖలో ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ వాళ్లు ట్రయల్‌కి రమ్మన్నారు. రెండు వారాలు ట్రైనింగు, మూడు నెలలు సీనియర్ పక్కన, ఆ తర్వాత బండి మన చేతికే. నెల జీతం, దానిమీద కిలోమీటరుకింతని బత్తా, పీఎఫ్ ఉన్నాయి. చేరేటప్పుడు ఒరిజినల్ లైసెన్సు ఆఫీసులో పెట్టాలన్నారు. మా నాన్న స్నేహితుడొకాయన మాత్రం ముందు ఏడాది తన టెన్‌వీలర్ మీద తిరగమంటున్నారు. ఆయన ఇచ్చేది తిండి, దారిఖర్చు. ఏం చెయ్యమంటారు?

పాత43
మీ నాన్న స్నేహితుడి మాట విను బాబూ. నాను 27 ఏళ్లుగా రాయగడ, కోరాపుట్, సాలూరు తిరుగుతున్నాను. సాలూరు-కోరాపుట్ హైవేకి ఇప్పుడు 26 అని నంబరు మార్చారు గానీ మా నోటికి 43 తప్ప రాదు. స్టీరింగు తిప్పడం ఎవడికైనా వస్తాది. లోడు మీద పట్టా (టార్పాలిను) కట్టడం వచ్చా? వానలో సుంకి ఘాట్ దాటాక పట్టా లేచిపోతే ఏ మూల తాడు ముందు బిగించాలి? జంట టైర్లలో లోపలిదానికి గాలి తగ్గితే కంటికి కనబడదు, రాడ్డుతో కొట్టి చప్పుడు వినాలి. ఆ చప్పుడు రెండు వారాల్లో ఎవడు నేర్పుతాడు? ఘాట్‌లో ఏ గేరులో ఎక్కితే అదే గేరులో దిగాలి. కంపెనీ కుర్రోళ్లు డీజిల్ మిగల్చాలని న్యూట్రల్ కొట్టి దింపుతున్నారు, నా కళ్లతో చూశాను.

చిన్నబండి
అసలు హెవీ ఎందుకు తీశావు తమ్ముడూ? కారు లైసెన్సుతోనే లారీ తోలొచ్చని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కదా.

నలభై_టన్నులు
@చిన్నబండి ఆ తీర్పు 7,500 కిలోల లోపు బళ్లకి. టెన్‌వీలర్ లోడుతో కలిపి 28.5 టన్నులు. కుర్రాణ్ణి జైలుకి పంపకండి.

@పాత43 గారూ, పట్టా కట్టడం మంచిదే. ఇప్పుడు కంపెనీ బళ్లలో సగం కంటైనర్లే, వాటికి పట్టా ఉండదు. న్యూట్రల్ సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ దానికి కారణం కంపెనీ కాదు, పాత డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న అలవాటు. ఇప్పటి కొత్త బీఎస్6 ఇంజన్లో గేరు వేసి ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే దిగుడులో డీజిలు అసలు పోదు. న్యూట్రల్ కొడితేనే ఇంజను నడవడానికి తాగుతుంది. మా దగ్గర ట్రైనింగులో మొదటి రోజు చెప్పేది ఇదే. నేను నాలుగేళ్లు కంపెనీ బండి తోలాను, ఇప్పుడు డిపోలో కొత్తవాళ్లని చూసుకుంటాను.

తమ్ముడూ, ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఎవరికీ ఇవ్వకు. కాపీ ఇవ్వు. ఒరిజినలే కావాలన్నారంటే రేపు మానేస్తానంటే తిరిగి ఇవ్వరనే లెక్క.

పాత43
అయితే కంపెనీ వోడి మీద నీకూ నమ్మకం లేదన్నమాట.

నలభై_టన్నులు
ఆ ఒక్క మాట పట్టుకున్నారా!

గిరిసోల_గేటు
కిలోమీటరు బత్తా అంటే చక్రం తిరిగితేనే డబ్బు. ఫ్యాక్టరీ గేటు ముందు లోడు కోసం రెండు రోజులు నిలబెడితే ఆ రెండు రోజులకి హాల్టింగు ఇస్తారా లేదా, అది అడుగు ముందు. మైలేజీ తగ్గితే జీతంలో కోస్తారా? బరంపురం నుంచి విశాఖ చదునైన 16వ నంబరు రోడ్డుకీ, కోరాపుట్ ఎక్కుడుకీ ఒకే లెక్క కడితే నెలాఖరుకి నువ్వే బాకీ తేలతావు. నాకు అలాగే తేలింది. అప్పుడు పనిచేసిన చోటి పేరు చెప్పను.

పాత43
అదీ మాట. 1961 నాటి చట్టంలోనే డ్రైవరుకి రోజుకు 8 గంటలు, వారానికి 48 అని రాశారు. ఎవడు చూశాడు? కంపెనీ యాప్‌లో 'ఆలస్యం' అని ఎర్రగా చూపిస్తాది, నిద్ర ఎంత పోయావో చూపించదు.

నలభై_టన్నులు
మీ ఓనర్లు 8 గంటలకి పంపించారా గురువుగారూ? కలకత్తా లోడుకి రెండు రాత్రులు కన్నుమూయకుండా తోలించింది ఎవరు?

పర్లాకిమిడి_ఆడపడుచు
నేను డ్రైవరుని కాను. మా అన్నయ్య ఒక్క లారీ ఉన్న ఓనరు దగ్గర తొమ్మిదేళ్లు తోలాడు. టెక్కలి దగ్గర యాక్సిడెంటులో పోయాడు. ఓనరు మంచివాడే, దినాలకి డబ్బూ ఇచ్చాడు. కానీ కాంపెన్సేషను కేసులో మొదటి ప్రశ్న: జీతం ఎంత? కాగితం ఏది? తొమ్మిదేళ్లకీ ఒక్క కాగితం లేదు. వదిన దగ్గరున్నది ఓ చిన్న పాకెట్ డైరీ. అన్నయ్య చేతిరాతతో 'రాయగడ 800, డీజిల్ పోను' అని ఉంటుంది. లాయరు దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. ఒక్క లారీ ఓనరుకీ కాంపెన్సేషను చట్టం వర్తిస్తుంది, లారీ ఇన్సూరెన్సులోంచే డ్రైవరుకి రావాలి. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, మీరు పట్టాల గురించి ఎంతైనా కొట్టుకోండి. తమ్ముడూ, జీతం బ్యాంకులో పడే చోటికి వెళ్లు.

చిన్నబండి
7,500 కిలోలంటే ఖాళీ బండా, లోడుతోనా?

గిరిసోల_గేటు
ఆర్సీలో లోడుతో కలిపి రాసిచ్చిన బరువు. ఇక వదిలెయ్ బాబూ.

పాత43
అమ్మా, నీ బాధ అర్థమైంది. కాగితం ఉండాల్సిందే, కాదనను. కానీ పని రానోడికి కాగితం ఉండి ఏటి లాభం? ఏడాది ఓర్చుకుంటే జీవితాంతం ఉంటాది. ఇప్పటి పిల్లలకి ఓర్పు లేదు. నాను ఐదేళ్లు క్లీనరుగా చేశాకే మా గురువు స్టీరింగు ముట్టనిచ్చాడు.

నలభై_టన్నులు
ఓర్పు గురించి నాకు చెప్పకండి. మాది బొబ్బిలి. పద్నాలుగో ఏట క్లీనరుగా ఎక్కాను. మూడేళ్లు. జీతం లేదు, 'పని నేర్పుతున్నాం కదా' అనేవారు. చలికాలం పడక ఇంజను పక్కన, ఎండాకాలం పట్టా మీద. జాకీ సరిగ్గా పెట్టలేదని పానా విసిరితే కనుబొమ్మ చిట్లింది, మచ్చ ఇప్పటికీ ఉంది. మూడేళ్లలో స్టీరింగు పట్టింది డ్రైవరు తాగి పడుకున్న రెండు రాత్రులే. మీరు దాన్ని గురుకులం అంటారు. నేను ఊడిగం అంటాను.

పాత43
ఆ డ్రైవరు నాను కాదు.

నలభై_టన్నులు
ఏ డ్రైవరూ తను కాదంటాడు. అసలు సంగతి నేను చెప్పనా? మీకిప్పుడు క్లీనర్లు దొరకట్లేదు. అందుకే కంపెనీ చెడ్డదైపోయింది.

గిరిసోల_గేటు
పెద్దాయన. కొంచెం మర్యాదగా.

పాత43
అననీ. నిజమే అన్నాడు.

రెండేళ్లయింది నా బండి మీద క్లీనరు లేక. మొన్న సాలూరు ఘాట్‌లో రాత్రి ఒంటిగంటకి వెనక టైరు పోయింది. ఎక్కుడు మీద లోడు బండి. క్లీనరుంటే దూకి చక్రం కింద రాయి పెడతాడు. నాను బ్రేకు మీద కాలు తీయలేక, తీయకుండా దిగలేక కూర్చున్నాను. చివరికి హ్యాండ్‌బ్రేకు లాగి, గేరులో వేసి, దేవుడి మీద భారం వేసి దిగాను. రాయి నానే పెట్టాను. టార్చి నోట కరుచుకుని నట్లు విప్పాను. మోకాళ్లు ఇదివరకులా లేవు. అప్పుడు నా పక్కనుంచి కంపెనీ బళ్లు ఆరు పోయాయి. ఒక్కటీ ఆగలేదు, ఆగితే వాళ్ల యాప్‌లో ఎర్రగా పడతాది మరి.

నలభై_టన్నులు
ఆగి ఉండాల్సింది. అది తప్పే.

కానీ జీతమిచ్చి పిలవండి గురువుగారూ. కంపెనీ ట్రైనింగులో ఇచ్చేదైనా ఇవ్వండి, మీ దగ్గరికే వస్తారు. నేనే పంపుతాను.

పాత43
అంతిస్తే బండి కిస్తీ ఎవడు కడతాడు? కంపెనీ వోడు కిరాయి తగ్గించి లోడు ఎత్తుకుపోయాక మాకు మిగిలేది టైర్లకి సరిపోదు. వందబళ్ల వోడు ఒక బండి మీద నష్టపోగలడు. నాకున్నది ఒక్కటే.

నలభై_టన్నులు
మీ నష్టం ఆ కుర్రాడు తన ఏడాదితో కట్టాలా?

పాత43
కట్టమనలేదు. నేర్చుకోమన్నాను.

గుణుపురం_కుర్రాడు
అందరికీ ధన్యవాదాలు. నాన్నతో మాట్లాడాను. సోమవారం విశాఖ ట్రయల్‌కి వెళ్తున్నాను. లైసెన్సు కాపీ మాత్రమే ఇస్తానంటే ఫోన్లో 'వచ్చాక చూద్దాం' అన్నారు. హాల్టింగు అడిగాను, దానికీ అదే జవాబు. కాదంటే వెనక్కొచ్చి నాన్న స్నేహితుడి బండే ఎక్కుతాను, జీతం రాసిస్తేనే.

పర్లాకిమిడి_ఆడపడుచు
అపాయింట్‌మెంటు కాగితం ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి పంపు. నీ దగ్గర ఒక్కచోటే ఉంచుకోకు.

పాత43
ట్రయల్లో బండి స్టార్టు చేసిన వెంటనే కదపకు. బ్రేకు గాలి చూపించే ముల్లు పైకొచ్చేదాకా ఆగు, బజరు ఆగాక హ్యాండ్‌బ్రేకు తియ్యి. పక్కనున్నోడు తొందరపెట్టినా సరే. దిగి ఓసారి చుట్టూ తిరిగి టైర్లు కొట్టి చూడు. రాడ్డు బండిలో లేకపోతే అడుగు.

చిన్నబండి
ఇంతకీ కిలోమీటరుకి ఎంతన్నారో చెప్పలేదు?