రూట్ కెనాల్ చేసిన పన్నుకు క్యాప్ తప్పనిసరా?

చిరుగాలి:
నా కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ పూర్తయింది, నొప్పి కూడా పోయింది. ఇప్పుడు క్యాప్ వేయించుకోవాలని వైద్యులు చెబుతున్నారు. బాధ లేని పన్నును మళ్లీ అరగదీయించుకోవాలా, ఫిల్లింగుతో సరిపెట్టుకోవచ్చా?

తెల్లకాగితం:
రూట్ కెనాల్ అనగానే క్యాప్ అనడాన్ని నేను ఒప్పుకోను. పింగాణీ క్యాప్ కూర్చోవాలంటే పన్ను పైభాగాన్ని సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు, చుట్టూ మరికొంత అరగదీస్తారు. అలా పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. ముందు పన్నుకు లోపలివైపు చిన్న రంధ్రం మాత్రమే చేసి ఉంటే కాంపోజిట్ (పంటి రంగు) ఫిల్లింగే సరిపోతుంది. పైగా క్యాప్ పుచ్చకపోయినా, దాని అంచు దగ్గర పన్ను పుచ్చవచ్చు.

దంతవైద్యురాలు:
తెల్లకాగితం గారు ముందు పళ్ల గురించి చెప్పింది నిజమే, కానీ ఇక్కడ అడిగింది దవడ పన్ను గురించి. రూట్ కెనాల్ కోసం ఆ పన్నును పైనుంచి తెరిచినప్పుడు లోపలి గది పైకప్పు పోతుంది. అప్పటికే పుచ్చు పక్కగోడలను తినేసి ఉంటే, మిగిలిన మొనలు నమిలినప్పుడల్లా రవ్వంత విచ్చుకుంటూ చివరికి చీలే ప్రమాదం ఉంటుంది. చీలిక వేరులోకి దిగితే సాధారణంగా పన్ను తీసేయవలసే వస్తుంది. నరం తీసేసిన పన్ను నొప్పితో ముందుగా హెచ్చరించదు కాబట్టి, బాధ లేదన్నది బలానికి రుజువు కాదు.

అరగదీశాక అచ్చు తీసుకుని లేదా స్కాన్ చేసి, తాత్కాలిక క్యాప్ పెట్టి పంపుతారు. అసలుది రావడానికి తరచు ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా జిగురు పదార్థాలు ఆ వైపు నమలకండి, ఫ్లాస్‌ను పైకి లాగకుండా పక్కకు తీయండి. బిగించే రోజున రంగు కాగితం కొరికించి, మచ్చ ఎక్కువగా పడిన చోట సరిచేస్తారు. ఎత్తుగా అనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే చెప్పండి. నరం లేకపోయినా వేరు చుట్టూ ఉన్న కణజాలానికి ఒత్తిడి తెలుస్తుంది. ‘అలవాటైపోతుందిలే’ అని ఊరుకున్నవారే తర్వాత కొరికితే నొప్పి అంటూ తిరిగి వస్తారు.

తెల్లకాగితం:
దవడ పన్ను విషయంలో మీ వాదన అంగీకరిస్తాను. కానీ మొనలను కప్పడమే ముఖ్యమైతే, చుట్టూ అంతగా చెక్కనక్కరలేని ఆన్‌లే (పన్ను పైభాగాన్ని మాత్రమే కప్పే తొడుగు) ఉంది కదా, దాని మాట రోగులకు ఎందరు చెబుతున్నారు?

దంతవైద్యురాలు:
చెప్పవలసిందే. పక్కగోడలు గట్టిగా ఉంటే ఆన్‌లే మంచి ఎంపిక. పన్ను చిగురు దాకా పుచ్చిపోతే అది నిలవడం కష్టం. అలాంటి పన్నుకు క్యాప్ కూడా పట్టు దొరకాలంటే చిగురు పైన చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగలాలి. చిరుగాలి గారూ, మీ పన్నుకు ఏ గోడలు మిగిలాయో ఎక్స్‌రే, ఫొటో చూపించి వివరించమని అడగండి. నిర్ణయం ఏదైనా, తాత్కాలిక ఫిల్లింగుతో నెలల తరబడి ఉండిపోకండి. అది అరిగి సందు ఇస్తే, శుభ్రం చేసిన వేరులోకి సూక్ష్మజీవులు మళ్లీ చేరతాయి.