జాజ్ పియానో: కర్ణాటక గాత్రం, చర్చి కీబోర్డ్, గ్రేడ్ పరీక్షలు, భజన హార్మోనియం.. అందరూ ఒకే బ్యాచ్‌లో ఉంటే ఎలా మొదలుపెట్టాలి?

కీబోర్డ్ టీచర్, విజయనగరం:
నమస్తే అండి. కోట దగ్గర ఇంట్లోనే కీబోర్డ్ నేర్పుతాను. జాజ్ నేర్పమని నలుగురు వచ్చారు, నలుగురిదీ తలో దారి. ఒకమ్మాయి మన సంగీత కళాశాలలో గాత్రం. ఇంకో అబ్బాయి చర్చిలో వాయిస్తాడు, నొటేషన్ చదవడం రాదు గానీ ఏ పాటకైనా విన్న వెంటనే కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టేస్తాడు. గ్రేడ్ పరీక్షలు రాస్తున్న పాప ఉంది, ఎదురుగా కాగితం తీసేస్తే చేతులు ఆగిపోతాయి. నాలుగో ఆయన భజనల్లో హార్మోనియం వాయించే పెద్దాయన, ఎడమ చెయ్యి ఇన్నేళ్లూ బెల్లోస్ మీదే ఉంది. థియరీ ఎత్తితే ఇద్దరు దిక్కులు చూస్తారు, విని వాయించమంటే పాపకి టెన్షన్. విడివిడిగా చెప్పనా?

వయొలిన్ టీచర్, విజయనగరం:
విడదీయకండి మేడం. 12 బార్ల బ్లూస్‌తో మొదలుపెట్టండి, జాజ్‌కి మూలమైన పాటల రూపం అది, బార్ అంటే లయలో ఒక గడి. బార్‌కి 4 దెబ్బలు, మొత్తం 48, అంటే సరిగ్గా 8 దెబ్బల ఆది తాళం 6 ఆవర్తనాలు (చుట్లు). గాత్రం అమ్మాయి తాళం వేస్తుంది, చర్చి అబ్బాయి కార్డ్స్ పట్టుకుంటాడు: మొదటి రెండు ఆవర్తనాలు సి7, మూడోది ఎఫ్7, నాలుగోది మళ్లీ సి7, ఐదోదాంట్లో సగం జి7 సగం ఎఫ్7, ఆరోది సి7. పైన వాయించుకోడానికి శుద్ధ ధన్యాసి స్వరాలు (సి, ఇ ఫ్లాట్, ఎఫ్, జి, బి ఫ్లాట్) ఇవ్వండి, ప్రతిమధ్యమం (ఎఫ్ షార్ప్) కూడా కలిపితే అదే బ్లూస్ స్కేల్. కాకపోతే దాన్ని రాగం అని చెప్పకండి, ఎందుకంటే ఇక్కడ కింద కార్డ్ మారితే పైనున్న స్వరం అదే అయినా వినిపించే తీరు మారిపోతుంది. సాధారణ గాంధారం, అంటే ఇక్కడ ఇ ఫ్లాట్, సి7 మీద ఒరుసుకుంటుంది, ఎఫ్7 వచ్చేసరికి ఆ కార్డ్‌లో స్వరమే అయిపోతుంది. తంబుర శ్రుతి మీద పెరిగిన చెవికి ఇదే కొత్త, అక్కడ ఎంతసేపైనా ఆగండి.

చర్చి కీబోర్డ్, శ్రీకాకుళం:
అక్కా, హార్మోనియం పెద్దాయనకి ఎడమ చేతిలో రెండే స్వరాలు చాలు. డి మైనర్ 7కి ఎఫ్, సి. జి7కి ఎఫ్ అలాగే ఉంచి సి నుంచి బికి దిగాలి. సి మేజర్ 7కి బి అలాగే ఉంచి ఎఫ్ నుంచి ఇకి దిగాలి. ప్రతిసారీ ఒక్క వేలే కదులుతుంది, చెయ్యి ఎగరాల్సిన పనే లేదు. మా చర్చి పిల్లలు కార్డ్ అంటే మూడు వేళ్లూ గట్టిగా నొక్కేస్తారు, ఆ అలవాటు మాన్పడానికీ ఇదే మందు. పాపకి కార్డ్ పేర్లు మాత్రమే ఉన్న కాగితం ఇవ్వండి, మూడు స్వరాలు దాటకుండా సొంతంగా వాయించమనండి. స్వరాలు తక్కువైతే భయం తగ్గుతుంది.

పియానో స్టూడెంట్, విజయనగరం:
ఇవన్నీ సరే గానీ స్వింగ్ (జాజ్ లయలోని ఊపు) సంగతి ఎవరూ ఎత్తలేదు. కాగితం మీద రెండు ఎయిత్ నోట్లు (అర దెబ్బ స్వరాలు) సమానంగా ఉంటాయి, వాయించేటప్పుడు ఉండవు. తకిట అనిపించి త మీద ఒకటి, ట మీద ఒకటి వాయిస్తే మధ్యలయలో దాదాపు వచ్చేస్తుంది. వేగం పెరిగితే మళ్లీ సమానం వైపు జరుగుతుంది, అది వినే తెలుసుకోవాలి. మెట్రోనోమ్‌ని 2, 4 దెబ్బల మీద పెట్టండి, గాత్రం వాళ్లకి సమం (తాళం మొదటి దెబ్బ) మీదే ఒత్తు పడుతుంది కాబట్టి మొదట్లో ఇబ్బందే. మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో రెండో పాట 12 బార్ల బ్లూసే, పియానో వింటన్ కెల్లీ. క్లాసులో ముందు అది వినిపించి కూనిరాగం తీయించండి, కీబోర్డ్ ఆ తర్వాతే తెరవండి.

కీబోర్డ్ టీచర్, విజయనగరం:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఒకే బ్యాచ్‌గానే ఉంచుతాను. ఇంకొక్క సందేహం, గాత్రం అమ్మాయి గమకం (స్వరాన్ని ఊపడం) లేకపోతే స్వరం చచ్చిపోయినట్టుంది అంటోంది, కీబోర్డ్ మీద ఏం చెయ్యాలి?

వయొలిన్ టీచర్, విజయనగరం:
ఆ అమ్మాయి చెవి సరైనదే. బ్లూస్ పాడేవాళ్లు కూడా ఆ గాంధారాన్ని లాగుతారు, పియానో వాళ్లు దానికోసమే ఇ ఫ్లాట్ నల్ల మెట్టు మీంచి వేలిని ఇ తెల్ల మెట్టు మీదకి జార్చేస్తారు. అదే వేలు, ఎత్తకుండా. ముందు పాడమనండి, పాడిన చోటే జార్చమనండి.