డండీ బొగ్గు గనుల్లో పనిచేసిన మనవాళ్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

దక్షిణాఫ్రికాలో, ముఖ్యంగా ఉత్తర నటాల్ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా సాయం చేయగలరా? మా ముత్తాతగారి తమ్ముడు విశాఖపట్నం జిల్లా నుంచి ఒప్పంద కూలీగా వెళ్లి, డండీ దగ్గర బొగ్గు గనిలో చేరారని మా నాయనమ్మ చెప్పేది. ఏ గనో తెలియదు.

డండీ 1882లో పీటర్ స్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన తన పొలంలో వేయించిన ఊరు. 1899లో బ్రిటిష్‌వాళ్లకీ, డచ్చి సంతతి బోయర్లకీ మధ్య మొదలైన బోయర్ యుద్ధపు తొలి పెద్ద పోరు అక్కడి తలానా కొండ మీదే జరిగింది. దాని గురించి ఎంత కావాలంటే అంత దొరుకుతోంది. కూలీల సంగతే దొరకడం లేదు. 1913 అక్టోబరులో, ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన కూలీల మీద వేసిన 3 పౌన్ల పన్ను తీసేయాలంటూ న్యూకాసిల్, డండీ గనుల్లో మనవాళ్లు పని మానేశారు. నవంబరులో ఆ నిరసనలోనే గాంధీ వెంట పక్కనున్న ట్రాన్స్‌వాల్ ప్రాంతపు సరిహద్దు దాటినవాళ్లను పట్టుకుని, రైళ్లలో వెనక్కి తెచ్చి, గని కాంపౌండ్లనే, అంటే కూలీలుండే ఆవరణలనే, జైళ్లు చేశారు. అందులో మా ముత్తాతగారి తమ్ముడు ఉన్నారో లేదో తెలుసుకోవాలని ఎంతో ఆశ.

ఓడ రిజిస్టర్లలో కూలీ నంబరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి కదా, వాటినిబట్టి గని పేరు పట్టుకోవచ్చా? తలానా మ్యూజియంలో గనుల పాత మస్టర్లు ఉన్నాయా? అక్కడి తెలుగు కుటుంబాల పెద్దలెవరైనా మాట్లాడతానంటే, దయచేసి చెప్పండి.