ముసలోళ్ల వైద్యం ఊళ్లెనే ఒక్కకాడ అయ్యేటట్టు ఎట్ల అడగాలె?

మర్రిగూడ పోరడు:
అన్నలు, మా నాయినమ్మ అసొంటోళ్లు మా దిక్కు మస్తు మంది, ఫ్లోరైడ్ తోని నడుములు వంగిపోయినయి, బీపీ గోలీలకు ఒకరోజు కండ్లకు ఒకరోజు పింఛన్‌కు ఇంకోరోజు, ఆటో కిరాయికే పైసలన్ని అయితున్నయి. అన్ని ఊళ్లెనే కావాలని గ్రామసభల అడుగుదమనుకుంటున్నం. ఏడికెళ్లి మొదలుపెట్టాలె?

ఆశమ్మ కొడుకు:
ఫస్టు కొత్త బిల్డింగ్ అడగకు తమ్మీ, అది రిబ్బన్ కట్ చేసి తాళం ఏస్తరు. లెక్క ప్రకారం 1000 మందికి ఒక ఆశ కార్యకర్త, 5000 మందికి సబ్‌సెంటర్, 30000 మందికి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉండాలె, అంటే మనుషులున్నరు కలిపేటోడే లేడు. మా అమ్మ ఆశనే, ఆమె కాడ 30 ఏండ్లు దాటినోళ్ల బీపీ షుగర్ లిస్టు ఉంటది, పంచాయతీల పింఛన్ లిస్టు ఉంటది, రెండు పక్కపక్కన పెట్టుకొని కూసుంటె మంచం దిగలేనోళ్లు ఎవరో అర్ధగంటల తేలుతది. వాళ్ల ఇండ్లకు ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సమ్మ) నెలకొకసారి పోవాలె, అది గ్రామసభ తీర్మానంల రాపియ్యి.

పాలమూరు అక్క:
టెస్టులకు టౌనుకు ఉరకకుండ్రి, పీహెచ్‌సీల రక్తం తీస్తె టీ డయాగ్నొస్టిక్స్ జిల్లా హబ్‌కు (సర్కారు టెస్టుల ల్యాబుకు) పోతది, ఫ్రీ, రిపోర్టు ఫోన్‌కే వస్తది. గని మా అత్తమ్మకు చదువు రాదు, ఫోన్ మనుమని కాడ, రిపోర్టు వచ్చి వారమైనా ఎవ్వలు చూడలె 😅 గది ఎవరు చదివి చెప్తరో కూడ రాపియ్యుండ్రి.

మర్రిగూడ పోరడు:
అక్కా గిది అస్సలు యాదికి రాలె. రేపు సెక్రటరీని కలుస్త.