చావింట్లో నవ్వితే తప్పా? ఐదో రోజు మా ఇంట్లో జరిగింది చెప్తాను

అమలాపురం మనవరాలు:
మా తాతయ్య పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. 86 ఏళ్లు. నిన్న మధ్యాహ్నం బ్యాంకు పాసుపుస్తకం కోసం ఇల్లంతా వెతుకుతూ ఆయన పాత రేడియో వెనక మూత కూడా తీశాం. బ్యాటరీలు పెట్టే చోట కాగితంలో చుట్టి మూడు నిమ్మతొన బిళ్లలు. షుగరు మనిషి, తీపి ఆయన కంట పడనిచ్చేవాళ్లం కాదు. ఆ కాగితం మీద గొలుసుకట్టు రాతలో ఇలా ఉంది: "మొత్తం నాలుగు. ఒకటి ఎవరో తిన్నారు." కింద తేదీ కూడా వేశారు.

బాబాయి పైకి చదివాడు. అంతే, ఎనిమిది మందిమి చాపల మీద పడి నవ్వాం. పెద్దత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "మైల ఇంట్లో ఈ ఇకఇకలేంటి? వీధిలో వాళ్లు వింటే ఏమనుకుంటారు?" అని కేకలేసింది. అప్పట్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు. నాకైతే తప్పనిపించట్లేదు. ఈ ఐదు రోజుల్లో తాతయ్య మాకు దండేసిన ఫోటోలా కాకుండా తాతయ్యలా కనిపించింది ఆ కాసేపే. మీరేమంటారు?

పాతకాలం మనిషి:
తప్పే అమ్మా. మైల రోజుల్లో కొత్తబట్ట కట్టం, గుడికి వెళ్లం. ఏడవడానికి కాస్త గడువు ఉండాలనే పెద్దలు ఇవన్నీ పెట్టారు. శుభస్వీకారం అయ్యాక ఎంత నవ్వుకున్నా ఎవరూ కాదనరు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా? నాట్యశాస్త్రంలో భరతుడు నవ్వుని ఆరు రకాలుగా చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, చివరి రెండూ అధములవి. చోటు కాని చోట నవ్వేది అపహసితం. మీరు నవ్వింది అదే.

కరీంనగర్ పోరడు:
మా దిక్కు నిండు వయసుల పోయినోళ్లను డప్పులతోటి సాగనంపుతం. పిట్టకు పెట్టేనాడు పోయినోళ్లకు ఏది ఇష్టమో అది పెడ్తం. కూర, గారెలు, కల్లు, బీడీకట్ట, ఏదన్న గాని. మా పెద్దబాపుకు పెట్టినప్పుడు ఎంతసేపటికీ పిట్ట రాలే. "చిన్నబిడ్డ పెండ్లి మేం జేస్తం, ముట్టు" అని ఒకరు, "బాకీలన్నీ కడ్తం" అని ఇంకొకరు మొక్కుతనే ఉన్నరు. ఆఖరుకు మా పెద్దమ్మ లేచి, "కల్లు తక్కువ పోసిన్రు, గందుకే అలిగిండు" అన్నది. ఇంకింత పోసినం. పిట్ట వచ్చింది! అందరం నవ్వినం, పెద్దమ్మ నవ్వుకుంటనే ఏడ్సింది. గది తప్పంటే నేను ఒప్పుకోను.

రాత్రి డ్యూటీ:
నా భర్త 41 ఏళ్లకే పోయారు. మూడో రోజు ముందు గదిలో చుట్టాలు ఎవరిదో పెళ్లి కబుర్లు చెప్పుకుని నవ్వారు. నేను లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాళ్లు ఆయన్ని తల్చుకుని నవ్వలేదు, ఆయన్ని మర్చిపోయి నవ్వారు. మీ ఇంట్లో జరిగింది అది కాదని నాకు అర్థమవుతోంది. కానీ ఒకటి చెప్పండి, ఆ టైములో మీ నాన్నమ్మగారు ఎక్కడున్నారు? ఆవిడకి ఎలా వినిపించింది? నేను అడిగేది అదొక్కటే.

డాలస్ నుంచి:
అమ్మ పోయినప్పుడు నేను రాలేకపోయాను. కార్యక్రమాలన్నీ వీడియో కాల్‌లో చూశాను. పిన్ని, అమ్మ బస్సు కండక్టరుతో అర్ధరూపాయి చిల్లర కోసం రాజమండ్రి దాకా పోట్లాడిన సంగతి చెప్తుంటే అక్కడ అందరూ నవ్వారు. ఇక్కడ నేనూ నవ్వాను. ఆ పక్కన నేనూ ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మంత్రాల కంటే నాకు గుర్తున్నది ఆ కబురే.

తెనాలి మాస్టారు:
నాట్యశాస్త్రం ఎత్తారు కాబట్టి ఆ లక్షణం పూర్తిగా చెప్పుకోవాలి. చోటు కాని చోట, కళ్లలో నీళ్లతో, తలా భుజాలూ అదిరేలా నవ్వేది అపహసితం. కళ్లలో నీళ్లన్న మాట వదిలేశారు మీరు. పైగా రంగం మీద ఏ పాత్ర ఎలా నవ్వాలో నటుడికి చెప్పిన మాట అది. తాతని పోగొట్టుకున్న పిల్లని అధమం అనడానికి పనికిరాదు.

అమలాపురం మనవరాలు:
నాన్నమ్మ పక్క గదిలోనే పడుకుని ఉంది. రాత్రి డ్యూటీ గారి మాట చదివాక భయం పట్టుకుంది, వెళ్లి అడిగాను. ఎందుకంత నవ్వారని తనే అడగాలనుకుందట, పెద్దత్తయ్య కేకలకి ఊరుకుందట. కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"తిన్నది నేనే. ఆయనకి తెలుసు. నేను చూస్తాననే రాశారు" అంది. నవ్వింది, చాలాసేపు ఏడ్చింది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. పెద్దత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా వింది. ఏమీ అనలేదు, వచ్చి నాన్నమ్మ పక్కన కూర్చుంది.

పాతకాలం మనిషి:
ఆవిడ నవ్వితే నేను కాదనను. అందరికంటే పెద్ద దుఃఖం ఆవిడది. అధమం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మైల విషయంలో మాత్రం నా మాట నాదే.

అమలాపురం మనవరాలు:
పర్లేదండి. ఇప్పుడు ఇంట్లో కొత్త వాదన మొదలైంది. కాకికి పెట్టే విస్తట్లో ఒక నిమ్మతొన కూడా పెట్టాలని నాన్నమ్మ, కొట్లో కొన్న బిళ్లలు పెట్టకూడదని పురోహితుడుగారు. పెద్దత్తయ్య నాన్నమ్మ వైపే ఉంది. ఇంకా తేలలేదు.